తామర మందు చేయు పని

తెలుగున తామర యను మాటకు రెండర్థములు. ఒకటి కొలనిలోని పువ్వు; రెండవది చర్మముపై వలయముగా వ్యాపించు వ్యాధి. సంస్కృత వైద్యగ్రంథములలో దీనిపేరు దద్రువు. ఇంగ్లీషువారు దీనిని 'ఉంగరపు పురుగు' అను అర్థము వచ్చునట్లు పిలిచిరి గాని, ఇందు పురుగేదియు లేదు. ఇది శిలీంధ్రము, అనగా బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టినప్పుడు పట్టు బూజునకు దూరపు చుట్టము. మన పైచర్మమునందును, గోళ్ళయందును, వెండ్రుకలయందును ఉండు కెరటిన్ అను పదార్థమే దీని యాహారము.

బూజును చంపుట కష్టము కాదు. మనిషికి హాని చేయక చంపుటయే కష్టము. బాక్టీరియా కణమునకును మన కణమునకును భేద మెక్కువ గనుక పెన్సిలిన్ వంటి మందులకు గురి సులభముగా దొరకినది. బూజు కణమట్లు కాదు. నిర్మాణమున మన కణమునకు దగ్గర పోలిక. అయినను ఒక్క సందు కలదు. ప్రతి కణమును చుట్టి పలుచని పొర యుండును. మన కణపు పొరకు బిగువు నిచ్చునది కొలెస్టెరాల్. బూజు పొరకు ఎర్గోస్టెరాల్. క్లోట్రిమజోల్ అను మందు ఎర్గోస్టెరాల్ తయారగు మార్గమున ఒక ఎంజైమును పట్టి నిలుపును. టెర్బినఫిన్ అంతకు ముందు మెట్టుననే వేరొక ఎంజైము నడ్డగించును. సున్నము చాలని గోడవలె పొర సడలి, బూజు పెరుగుట మానును, లేదా చచ్చును.

ఈ పని జరుగుటకు వ్యవధి కావలెను. మూడునాళ్ళలో దురద తగ్గగానే ట్యూబును అటకపై పడవేయువారే యెక్కువ. దురద పోవుట వేరు, బూజు పోవుట వేరు. క్లోట్రిమజోల్ లేపనమును సాధారణముగ దినమునకు 2 సార్లు, 2 నుండి 4 వారములు వాడుదురు. మచ్చ మాసిన తరువాత గూడ వైద్యుడు చెప్పిన గడువు వరకు మానరాదు. చోటును కడిగి, బాగుగా తడి యార్చి, పలుచగా రాయవలెను. మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల మేర గూడ రాయవలెను, ఏలయన బూజు కంటికి కనబడు హద్దు దాటియే యుండును. రాసిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను. మంట, బొబ్బలు పుట్టినచో మందు ఆపి వైద్యునికి చూపవలెను.

అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. బూజు మందుతో బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్లను కలిపిన లేపనములు మన దేశమున విరివిగా అమ్ముడుపోయినవి. స్టెరాయిడ్ దేహపు ప్రతిఘటనను అణచును. ఎఱుపు, దురద ఒకటి రెండు దినములలో శాంతించును. రోగి సంతోషించును, బూజు అంతకంటె సంతోషించును! ఎదురులేక అది వ్యాపించును. వలయపు ఆకృతి చెడి, వైద్యుడే గుర్తింపలేనంత రూపు మార్చుకొనును. చర్మము పలుచనై, గజ్జలలో పడిన చారలు శాశ్వతముగా నిలిచిపోవును. అందుచేతనే 2018లో భారత ప్రభుత్వము పలు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీపైననే అమ్మవలెనని నిబంధన చేసినది. నిబంధన యున్నను, బల్లకీవల నిలిచి "తామరకు మందీయుడు" అని యడుగు వాడుక పోలేదు.

2020లో జపాను పరిశోధకులు భారత, నేపాల దేశీయుల చర్మమునుండి తీసిన ఒక బూజునకు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని నామకరణము చేసిరి. వీనిలో పెక్కు టెర్బినఫిన్‌కు లొంగవు. మందు పట్టుకొనవలసిన ఎంజైమే రూపు మార్చుకొన్నది. స్టెరాయిడ్ మిశ్రమముల విచ్చలవిడి వాడుక దీని వ్యాప్తికి తోడ్పడినదని చర్మవైద్యులు చెప్పుచున్నారు.

ఉపాధ్యాయులకు ఎక్కువగా తటస్థపడునది తలతామర. పిల్లవాని తలపై జుట్టు విరిగి, పొలుసులతో గుండ్రని ఖాళీ కనబడును. దీనికి పైపూత చాలదు. బూజు వెండ్రుక కుదుళ్ళలో నుండును గనుక గ్రైసియోఫుల్విన్ వంటి మాత్రలను వైద్యుడే యీయవలెను. చికిత్స మొదలైన పిల్లవానిని బడికి రానీయవచ్చును. దువ్వెన, టోపీ, తువాలు మాత్రము ఒకరివి ఒకరు వాడకుండ చూడవలెను.