హైదరాబాదు నుంచి జిద్దా: దూరమెంత, సమయమెంత?

ఉమ్రా టికెట్టు చేతికి రాగానే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే, ఎన్ని గంటల ప్రయాణమని. ఉదయం 10 గంటలకు శంషాబాదులో బయలుదేరి మధ్యాహ్నం 1.15కు జిద్దాలో దిగుతుందని టికెట్టు మీద ఉందనుకుందాం. చూడగానే మూడుంపావు గంటలే అనిపిస్తుంది. నిజానికి అది 5 గంటల 45 నిమిషాల ప్రయాణం.

టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి, సౌదీ గడియారం 45 డిగ్రీలను బట్టి నడుస్తాయి. తేడా 37.5 డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక మనం రెండున్నర గంటలు ముందుంటాం. వెళ్లేటప్పుడు ఆ రెండున్నర గంటలు కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి.

రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారి సుమారు 4,140 కిలోమీటర్లు. అరేబియా సముద్రం, ఆపైన ఒమన్ దాటి సౌదీలో ప్రవేశిస్తారు. వెళ్లేటప్పుడు ఆరు గంటలకు కాస్త అటూఇటూ, తిరుగు ప్రయాణానికి అంతకంటే కొంత తక్కువ పడుతుంది. ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులే దీనికి కారణం. చలికాలంలో ఈ తేడా ఎక్కువ.

ఈ లెక్క ఆరాధనకూ అవసరమే. విమానం నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు పోతుంది. మీఖాత్ వస్తోందని ప్రకటించాక లేచి, బాత్రూము దగ్గర వరుసలో నిలబడి, దుస్తులు మార్చుకోవడానికి పది నిమిషాలు పట్టినా 140 కిలోమీటర్లు దాటిపోతాం. అందుకే నేరుగా జిద్దాకు వెళ్లేవారు ఇంటి దగ్గరో, శంషాబాదులోనో ఇహ్రాం దుస్తులు ధరించి, మీఖాత్ రాకముందే నియ్యత్ చేసుకోవడం మేలు. పడమటికి పోతున్న కొద్దీ పగలు సాగుతుంది. కనుక నమాజుకు, ఇఫ్తారుకు హైదరాబాదు గడియారం పనికిరాదు, విమానం ఉన్నచోటి సూర్యుణ్ణే చూడాలి. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి రాసి పెట్టుకోవాలి.

ఒకప్పుడు మన పెద్దలు బొంబాయి వెళ్లి ఓడ ఎక్కేవారు. 1995లో ఆ ఓడలు ఆగిపోయాయి. ఇప్పుడు ప్రయాణం గంటల్లోకి వచ్చింది కానీ అలసట పోలేదు. కర్నూలు నుంచి వెళ్లే ముసలమ్మ లెక్క చూడండి. శంషాబాదుకు రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటలు. విమానంలో ఆరు గంటలు. దిగాక తనిఖీలకు, సామానుకు రెండు గంటలు. జిద్దా నుంచి మక్కాకు బస్సులో గంటన్నర. అంతా కలిపి పదహారున్నర గంటలు. మధ్యలో మరో దేశంలో విమానం మారే టికెట్టయితే, అక్కడ వేచి ఉండే సమయం దీనికి అదనం.

కన్నవారికి గానీ, పేదవారికి గానీ టికెట్టు కొనిచ్చే దాతలు ధరతో పాటు మొత్తం ప్రయాణ సమయం ఎంతో కూడా అడగండి. కొద్ది డబ్బు మిగులుతుందని మోకాళ్ల నొప్పులున్న వృద్ధులను రాత్రంతా కుర్చీలో కూర్చోబెట్టే టికెట్టు కొనకండి. తప్పనిసరైతే చక్రాల కుర్చీ కావాలని టికెట్టుతోనే చెప్పించండి. వారు అలసట లేకుండా కాబా ముందు నిలబడి చేసే దుఆలో మీకూ భాగం ఉంటుంది, ఇన్షా అల్లాహ్.