ఎలక్ట్రానిక్ పంపు నుంచి మెకానికల్ పంపుకు: ఒక డీజిల్ పికప్ మార్పు నేర్పే పాఠాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల రైతు కుటుంబాలలో పికప్ ట్రక్కు ఒక వ్యవసాయ పరికరం. పశువుల ట్రైలరు లాగడం, ఎండుగడ్డి మోపులు చేరవేయడం, పొలంలో నిలిచిపోయిన యంత్రానికి డీజిల్, విడిభాగాలు అందించడం దాని నిత్యకృత్యం. 1989 మోడల్ నుంచి డాడ్జ్ ర్యామ్ పికప్‌లలో అమర్చిన కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఈ పనులలో మన్నికకు పేరు పొందింది. ఈ బి శ్రేణి ఇంజిన్‌ను వ్యవసాయ యంత్రాల తయారీదారైన కేస్ సంస్థతో కలిసి కమిన్స్ అభివృద్ధి చేసింది.

ఈ పికప్‌లలో 1998 మధ్య నుంచి 2002 వరకు అమర్చిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పంపును తొలగించి, దాని స్థానంలో అంతకు ముందరి మెకానికల్ పంపును బిగించుకొనే పద్ధతి అక్కడి యజమానులలో ప్రచారంలో ఉంది. మన ట్రాక్టర్లు కూడా ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలవైపు సాగుతున్న ఈ తరుణంలో, ఆ మార్పులోని లాభనష్టాలను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పరిశీలించడం అవసరం.

రెండు పంపుల మధ్య భేదం

1994 నుంచి 1998 వరకు వచ్చిన 12 వాల్వుల ఇంజిన్లలో బాష్ పి.7100 ఇన్‌లైన్ పంపు ఉండేది. ఇందులో ప్రతి సిలిండరుకు ఒక ప్లంజరు ఉంటుంది. పంపులోని కామ్‌షాఫ్ట్ ప్లంజర్లను నెడుతుంది; ర్యాక్, గవర్నరు కలిసి ఇంధన పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. కామ్‌షాఫ్ట్‌కు, గవర్నరుకు కందెన ఇంజిన్ ఆయిల్ ద్వారా అందుతుంది. కంప్యూటరు ప్రమేయం ఉండదు.

తరువాత వచ్చిన 24 వాల్వుల ఇంజిన్లలో బాష్ వి.పి.44 రోటరీ పంపును అమర్చారు. దీని నియంత్రణ కంప్యూటరు పంపు మీదనే ఉంటుంది. ఇంజిన్ వేగం, భారం, ఉష్ణోగ్రతలను బట్టి ఇంధన పరిమాణమూ, ఇంజెక్షన్ టైమింగూ మారుతూ ఉంటాయి. అయితే ఈ పంపునకు డీజిలే కందెన, డీజిలే శీతలకారి. ట్యాంకు నుంచి ఇంధనం అందించే ఎలక్ట్రిక్ ఫీడ్ పంపు బలహీనపడితే డ్రైవరుకు వెంటనే తెలియదు. తక్కువ పీడనంతో నడిచేకొద్దీ ఖరీదైన ప్రధాన పంపు వేడెక్కి అరిగిపోతుంది. అంటే ప్రధాన పంపు చెడిపోవడానికి మూలకారణం తరచుగా ఫీడ్ పంపులోనే ఉంటుంది.

మార్పిడిలో కీలక అంశాలు

పంపు ఒక్కటే తెచ్చి బిగిస్తే మార్పిడి పూర్తికాదు. ఇన్‌లైన్ పంపు కూర్చోవడానికి 12 వాల్వుల ఇంజిన్ ముందరి గేర్ కేసు, పంపు గేరు కావాలి. పాత గేర్ కేసులోని ఒక స్టీలు డోవెల్ పిన్ను కాలక్రమంలో వదులై గేర్ల మధ్య పడిన సందర్భాలు ఉన్నాయి. కనుక దానిని కదలకుండా చేసిన తరువాతే కేసును బిగించాలి. పాత పంపునూ, 24 వాల్వుల హెడ్డునూ కలిపే అధిక పీడన గొట్టాలను ప్రత్యేకంగా తయారు చేయించాలి. పంపునకు ఇంజిన్ ఆయిల్ గొట్టం, యాక్సిలరేటరు కేబులు, ఇంజిన్ ఆపే ఏర్పాటు అమర్చాలి. ఇన్‌లైన్ పంపు మరింత ఎక్కువ ఫీడ్ పీడనం కోరుతుంది. కాబట్టి బలహీనమైన పాత ఫీడ్ పంపును అలాగే ఉంచితే ప్రయోజనం ఉండదు.

అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైనది టైమింగ్. మొదటి సిలిండరు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పై బిందువుకు తెచ్చి, ప్లంజరు లేచిన ఎత్తును డయల్ గేజితో కొలిచి నిర్ధారిస్తారు. పంపు షాఫ్ట్ కొన మీద, గేరు రంధ్రంలో నూనె చుక్క మిగిలినా బిగింపు జారి టైమింగ్ తప్పవచ్చు. స్టార్టు చేసే ముందు ర్యాక్ స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో చూడాలి. ర్యాక్ ఇంధనం ఎక్కువగా ఇచ్చే స్థితిలో ఇరుక్కుంటే ఇంజిన్ అదుపు తప్పిన వేగంతో తిరిగి ధ్వంసమయ్యే ప్రమాదం ఉంది.

లభించేది, కోల్పోయేది

మార్పిడి తరువాత సాధారణ పనిముట్లతో, టెస్ట్ బెంచి ఉన్న ఏ డీజిల్ పంపు షాపులోనైనా మరమ్మతు సాధ్యమవుతుంది. కోత కాలంలో వాహనం నిలిచిపోతే రోజుల తరబడి ఎదురుచూడవలసిన రైతుకు ఇది చిన్న విషయం కాదు.

కాని కోల్పోయేది కూడా తక్కువ కాదు. ఈ పికప్‌లలోని ఇన్‌లైన్ పంపుకు టైమింగ్‌ను తనంత తాను మార్చుకొనే ఏర్పాటు లేదు. ఒకే టైమింగ్‌తో చలిలో స్టార్టింగునూ, అధిక వేగాన్నీ నెట్టుకురావాలి. టైమింగ్ ముందుకు జరిపితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వెనుకకు జరిపితే పొగ, ఇంధన వ్యయం పెరుగుతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న వాహనాలలో దానికి అందవలసిన సంకేతాలకు వేరే ఏర్పాటు చేయాలి.

చట్టపరమైన అడ్డంకి కూడా ఉంది. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ఉద్గార నియంత్రణ వ్యవస్థలను తొలగించడాన్ని, పనిచేయకుండా చేయడాన్ని నిషేధిస్తుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కనుక ఈ మార్పిడిని మన రైతులకు సిఫారసు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

మన విస్తరణ కృషికి అన్వయం

భారతదేశంలో 37 కిలోవాట్లు, అంటే సుమారు 50 హార్స్ పవర్, దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగవ దశ ఉద్గార ప్రమాణాలు 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. దీనితో ఈ శ్రేణిలో కామన్ రైల్ ఇంజెక్షన్ సాధారణమవుతున్నది. కామన్ రైల్ భాగాలు అతి సూక్ష్మమైన సందులతో తయారవుతాయి. డ్రమ్ములో నిల్వ ఉంచి, మురికి గరాటుతో పోసిన డీజిల్‌లోని నీటిని, దుమ్మును పాత ఇన్‌లైన్ పంపు కొంతకాలం భరించినా, ఈ భాగాలు భరించలేవు.

కావున రైతు శిక్షణలో ఈ క్రింది అంశాలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

1. డీజిల్‌ను మూత ఉన్న శుభ్రమైన పాత్రలో నిల్వ చేసి, వడగట్టి పోయాలి. ఫిల్టరు అడుగున చేరిన నీటిని క్రమం తప్పక తీసివేయాలి.

2. ఇంజిన్ శక్తి తగ్గినప్పుడు మొదట ఫిల్టరును, ఫీడ్ పీడనాన్ని పరీక్షించాలి. పైన పేర్కొన్న వి.పి.44 పంపు విషయంలో భారంతో నడిచేటప్పుడు కూడా పీడనం 10 పి.ఎస్.ఐ.కు తగ్గరాదని మెకానిక్‌లు పాటిస్తారు. ప్రతి ఇంజిన్‌కు తయారీదారు ఇచ్చిన విలువనే ప్రమాణంగా తీసుకోవాలి.

3. వైర్ల కనెక్టర్లు, ఎర్తింగ్, బ్యాటరీ వోల్టేజిని పరీక్షించి, లోపపు కోడ్ చదివిన తరువాతే పంపు మార్పు గురించి ఆలోచించాలి.

కోడ్ చదివే సదుపాయం గ్రామీణ మెకానిక్‌కు లేకపోతే ఈ మూడవ అంశం కాగితానికే పరిమితమవుతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వ్యవసాయ యంత్రాల తయారీదారులు మరమ్మతుకు కావలసిన భాగాలను, సాఫ్ట్‌వేర్‌ను, సమాచారాన్ని యజమానులకు, స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలి. మన ఇంజినీరింగ్ విభాగాలు, శిక్షణ కేంద్రాలు గ్రామీణ మెకానిక్‌లకు స్కానర్ వాడకం, ఫీడ్ పీడన పరీక్ష నేర్పగలిగితే, రైతుకు పాత పంపు మీద మోజు కలిగే అవసరమే ఉండదు. పికప్ యజమానులు అంత శ్రమకోర్చి పాత పంపును ఎంచుకున్నది దగ్గరలో బాగు చేయించుకోగల వీలు కోసమే. ఆ వీలును కొత్త యంత్రాలకు కూడా కల్పించడం విస్తరణ వ్యవస్థ బాధ్యత.