ఆరని చెమట

మే నెలలో రామగుండంలో 44 డిగ్రీలు నమోదైతే పేపర్లో మొదటి పేజీకెక్కుతుంది. అదే రోజు కాకినాడలో 36 ఉంటే ఎవరికీ పట్టదు. ఒంటికి మాత్రం ఆ 36 డిగ్రీలే ఎక్కువ కష్టం కావచ్చు.

చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడెక్కితే ఒంట్లో వేడి బయటికి పోదు సరికదా, బయటి వేడే లోపలికొస్తుంది. అప్పుడు చెమటే దిక్కు. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆవిరైతేనే సుమా! కారి నేలపాలైన చెమటతో నీరూ ఉప్పూ పోవడమే గాని ఒళ్ళు చల్లబడదు.

గాలిలో తేమ ఎక్కువైతే చెమట సరిగా ఆరదు. ఎంత ఆరగలదో తేల్చడానికి థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తారు. అది చూపేదే తడి బల్బు ఉష్ణోగ్రత. గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు 44 డిగ్రీల ఎండలో అది 25 దగ్గర ఆగుతుంది. తేమ 70 శాతం ఉంటే 36 డిగ్రీలకే 31 చేరుతుంది. 35 దాటితే నీడలో ఊరికే కూర్చున్నవాడు కూడా ఎక్కువసేపు తట్టుకోలేడని చాన్నాళ్ళుగా అనుకునేవారు. అమెరికాలో ఆరోగ్యవంతులైన యువతీయువకులపై చేసిన ప్రయోగాల్లో, తేమ ఎక్కువున్నప్పుడు ఆ హద్దు 31 చుట్టుపక్కలే తేలింది. ముసలివాళ్ళకు ఇంకా తక్కువే ఉంటుంది.

నిజామాబాద్‌లో ప్రాణం లేచొచ్చేలా చేసే ఎయిర్ కూలర్ కోస్తాలో ఉక్కపోతను పెంచుతుంది. అది గాలిని చల్లబరిచేది తేమ కలిపే కదా! అక్కడ ఫ్యానూ, తెరిచిన కిటికీలే మేలు. కాకపోతే పడమటి గాలి తిరిగిన రోజుల్లో కోస్తా కూడా పొడిగా మాడిపోతుంది. గాలి 40 దాటాక ఉత్త ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు ముందు ఒళ్ళు తడిపి, తర్వాత ఫ్యాను కింద కూర్చోవాలి. వాతావరణ శాఖ కూడా ఈ తేడాను గుర్తించింది. వడగాడ్పుల ప్రకటనకు మైదానాల్లో కనీసం 40 డిగ్రీలుండాలి, తీరంలో 37 చాలు. సాధారణంగా ఆ పైన ఆ రోజుకు మామూలుగా ఉండేదాని కంటే 4.5 డిగ్రీలు పెరిగి ఉండాలి.

2015 మే నెల ఎండలకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. పనిచేసే కండరాలు తమ వేడిని కూడా కలుపుతాయి కాబట్టి ఆరుబయట కూలిపనిలో ఉన్నవాళ్ళకు ముప్పు ముందొస్తుంది. మజ్జిగలో ఉప్పు వేసుకు తాగమని పెద్దలు చెప్పింది సరైనదే. దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. ఓఆర్‌ఎస్ పొట్లం దగ్గరుంటే మరీ మంచిది.

మనిషి తడబడి మాట్లాడుతున్నా, తూలుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా పడొద్దు, కష్టం చేస్తూ పడిపోయినవాళ్ళకు చెమట పడుతూనే ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టొచ్చు. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచీ కండరాలనుంచీ వచ్చింది, దాన్ని నీళ్ళతోనే దించాలి.