గేరు ఎందుకు జారింది?

కరీమాబాద్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటి ముందు ఒక ఆటో. ఆ ఆటో తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పొద్దున్నే ఇంటాయన ఆటో తీసుకొని వరంగల్ స్టేషన్‌కు పోతాడు. మిర్చి కాలంలో ఏనుమాముల మార్కెట్ దారి పడతాడు. సాయంత్రం వచ్చిన పైసలు భార్య చేతిలో పెడతాడు. ఆమె నోటుపుస్తకంలో రాస్తుంది. పెట్రోలుకు ఇంత, ఆటో కిస్తీకి ఇంత, బియ్యానికి ఇంత.

కొన్నాళ్లుగా ఆయన ఒకే మాట అంటున్నాడు. "మూడో గేరు నిలుస్తలేదు. జారుతున్నది." గేరు జారినప్పుడల్లా చేత్తో గట్టిగా పట్టుకొని నడిపించాడు. ఒకరోజు మనుషులతో కాజీపేట వంతెన ఎక్కుతుంటే బండి సగంలో గుంజుడు మానేసింది. ఇంజను మాత్రం గోల చేస్తున్నది. వెనక లారీ. ఎక్కినవాళ్లు భయపడి దిగిపోయారు. కిరాయి కూడా అడగలేకపోయాడు.

మెకానిక్ చూసి, ఇంజను దించాలన్నాడు.

ఇంజను దించడమంటే మాటలు కాదు. నాలుగైదు రోజులు ఆటో షెడ్డులో ఉంటుంది. అన్ని రోజులూ సంపాదన ఉండదు. కిస్తీ మాత్రం ఆగదు. పైగా ఇవి ఆటోవాళ్లకు కష్టకాలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆడవాళ్లకు ఎంతో మేలైంది. కాని గిరాకీ తగ్గిందని ఆటోవాళ్లు ధర్నాలు చేశారు. ఒకే ఇంట్లో భార్యకు బస్సు ఖర్చు తప్పింది, భర్తకు సవారీలు తగ్గాయి. ఇలాంటప్పుడు ఇంజను పని మీద పడితే ఆ ఇల్లు తట్టుకోవడం కష్టం.

మరి గేరు ఎందుకు జారింది? ముందే ఆపగలిగేవాళ్లా?

గేరు చేసే పని

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కుట్టుమిషన్ ఉంటే ఒకసారి చూడండి. కింద పెద్ద చక్రం. పైన చిన్న చక్రం. కాలితో పెద్ద చక్రాన్ని ఒక్కసారి తిప్పితే పైన చిన్నది చాలాసార్లు తిరుగుతుంది. వేగం వస్తుంది. దీన్నే తిరగేసి చూడండి. చిన్న చక్రం పెద్దదాన్ని తిప్పిందనుకోండి. పెద్దది మెల్లగా తిరుగుతుంది. కాని బలం ఎక్కువ వస్తుంది.

ఆటోలో గేర్లు ఇదే పని చేస్తాయి. మొదటి గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ. బండి కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ అది కావాలి. నాలుగో గేరులో వేగం ఎక్కువ, బలం తక్కువ. హంటర్ రోడ్డు లాంటి చదును దారిలో అది సరిపోతుంది.

గేరు డబ్బాలో పళ్ల చక్రాలు జతలు జతలుగా ఉంటాయి. అవి ఎప్పుడూ ఒకదాని పళ్లలో ఒకటి పట్టుకొనే తిరుగుతుంటాయి. కాని ఒక ఇరుసు మీద ఉన్న చక్రాలు ఊరికే తిరుగుతాయి, ఇరుసును తిప్పవు. గేరు వేయడమంటే అందులో ఒక చక్రాన్ని ఇరుసుకు గడియ పెట్టడం. ఆ గడియను జరిపే ముక్క కొన్ని ఇంజన్లలో కొక్కెంలా ఉంటుంది, కొన్నింటిలో ఇరుసు లోపలే జరిగే శిలువ ఆకారంలో ఉంటుంది. ఏదైనా పని ఒక్కటే.

ఇప్పుడు మీ ఇంటి తలుపు గడియను తలచుకోండి. గడియ రంధ్రంలోకి పూర్తిగా పోతే ఎంత గాలి వచ్చినా తలుపు కదలదు. సగమే పోయిందనుకోండి. గాలి కొట్టినప్పుడల్లా గడియ అంచు మీద దెబ్బ పడుతుంది. రోజూ అట్లాగే అయితే అంచు అరిగి గుండ్రమవుతుంది. అప్పుడు గడియ పెట్టినా జారిపోతుంది.

గేరు జారడం కూడా ఇంతే.

గడియ సగమే ఎందుకు పడింది?

చాలా ఆటోల్లో గేరు ఎడమ చేతి దగ్గర ఉంటుంది. క్లచ్ నొక్కి పిడిని తిప్పితే గేరు మారుతుంది. ఈ ఏర్పాటు ఇటలీ నుంచి వచ్చింది. అక్కడ పియాజియో కంపెనీ 1946లో వెస్పా స్కూటరు చేసింది. 1948లో అదే పద్ధతిలో మూడు చక్రాల బండి చేసింది. దాని పేరు ఏప్. వెస్పా అంటే వాళ్ల భాషలో కందిరీగ. ఏప్ అంటే తేనెటీగ. ఆ చప్పుడు విన్నవాళ్లకు పేర్లు ఎందుకు పెట్టారో చెప్పనక్కరలేదు. మన దేశంలో బజాజ్ కంపెనీకి స్కూటర్లు, మూడు చక్రాల బండ్లు చేయడానికి 1959లో లైసెన్సు వచ్చింది.

పిడి ముందు ఉంది. ఇంజను వెనక ఉంది. రెంటినీ కలిపేవి గేరు వైర్లు. ఇవి రెండు ఉంటాయి. బావి గిరక మీద చేదతాడు చూశారు కదా! ఒక పక్క లాగితే ఇంకో పక్క పోతుంది. పిడిని ఒక వైపు తిప్పితే ఒక వైరు లాగుతుంది, రెండోది వదులుతుంది. ఇంకో వైపు తిప్పితే అటుది ఇటవుతుంది.

వైరు ఇనుప పోగులతో పేనింది. రోజుకు వందలసార్లు లాగితే మెల్లమెల్లగా సాగుతుంది. ఆటోలో వైరు పొడుగు కూడా ఎక్కువ. కింద బురద, నీళ్లు తగులుతాయి. సాగిన వైరుతో ఏమవుతుంది? పిడి మీద గుర్తు 3 దగ్గరికి వస్తుంది. లోపల గడియ మాత్రం పూర్తిగా పడదు. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లోపల అంచులు అరుగుతుంటాయి.

అందుకే గేరు కొంచెం తేడాగా ఉన్నప్పుడే వైరు చూపించుకోవాలి. అది కొద్దిసేపటి పని. ఇంజను విప్పే పనే లేదు. అంచులు అరిగిపోయాక వైరు ఎంత బిగించినా లాభం లేదు. అప్పుడు విప్పక తప్పదు.

తేడా ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? అన్ని గేర్లూ తేడాగా పడుతుంటే, పిడి మీది గుర్తుకూ పడే గేరుకూ పొంతన లేకపోతే, చాలావరకు తప్పు వైర్లది. వైర్లు సరిగా ఉన్నా ఒక్క గేరే, అదీ బరువు పడినప్పుడే జారుతుంటే, తప్పు లోపల ఉందనుకోవాలి. గేరు వేసేటప్పుడు గరగరమంటే ముందు క్లచ్ చూడాలి. క్లచ్ వైరు మరీ వదులుగా ఉంటే క్లచ్ పూర్తిగా విడిపోదు. అందుకే గేరు రాసుకుంటుంది. వైరు మరీ బిగువుగా ఉన్నా చేటే. క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. క్లచ్ పిడికి మొదట్లో కొంచెం వదులు ఉండాలి. చాలా బండ్లకు రెండు మూడు మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఆటో సీటు కింద పడి ఉండకుండా ఇంట్లో ఉంటే మంచిది. ఇప్పుడు చదివేవాళ్లు ఇంట్లో ఉన్నారు కదా!

షెడ్డులో

ఆ ఇల్లాలు భర్తతో కలిసి షెడ్డుకు పోయింది. ఇంజను బల్ల మీద ఉంది. మెకానిక్ ఒక పళ్ల చక్రం తీసి గుడ్డతో తుడిచి చూపించాడు.

"చూడక్కా. ఈ గుబ్బలకు అంచులు పదునుగా ఉండాలె. ఇవి సబ్బుబిళ్ల లెక్క అరిగినయి."

ఆమె చేత్తో తడిమి చూసింది. నిజమే. నున్నగా ఉన్నాయి.

"ఎందుకయిందన్నా గిట్ల?"

"వైరు ఎప్పుడో సాగింది. బిగించుకోలేదు. గట్లనే నడిపిండు."

"అప్పుడే బిగిస్తే గింత ఖర్చు తప్పునా?"

"తప్పు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఆటో టైరు వైపు చూశాడు.

ఇంజను విప్పి ఉన్నప్పుడే లోపలి పని అంతా చూపించుకోవాలి. చక్రాల గుబ్బలు, గడియను జరిపే ముక్క, దాని స్ప్రింగు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు. అరిగిన చక్రం ఒక్కటే మార్చి, దాన్ని పట్టుకునే ముక్క అరిగిపోయి ఉన్నా అట్లాగే బిగిస్తే గేరు మళ్లీ జారుతుంది. ఇంజను మళ్లీ దించాలి. కూలీ మళ్లీ ఇవ్వాలి. ఇంకో సంగతి. ఇంజను బండికి ఎక్కించకముందే బల్ల మీద అన్ని గేర్లూ వేసి చూడాలి. ఇరుసును చేత్తో తిప్పుతూ వేయాలి. తిప్పకుండా వేస్తే గుబ్బకు గుబ్బ అడ్డం వచ్చి, మంచి గేరు కూడా పడకపోవచ్చు. ఒక్కో గేరు టక్కున పడాలి, నిలవాలి. రివర్సు మరిచిపోతుంటారు. అదీ చూడాలి.

వైర్లు కలిపేటప్పుడు

ఇంజను ఎక్కించాక అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. లోపల కొత్త సామాను వేసి, బయట సాగిన పాత వైరు తగిలిస్తే కొత్త గుబ్బలు కూడా అదే దారి పడతాయి. పోగులు లేచిన వైరును బిగించకూడదు, మార్చాలి.

బండి చదునుగా ఉన్నచోట పెట్టాలి. ఇంజను ఆపాలి. చక్రాలకు రాయి అడ్డం పెట్టాలి. ముందు పిడిని న్యూట్రల్ గుర్తు మీదికి తేవాలి. వెనక ఇంజను దగ్గర కూడా గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. రాయి తీసి బండిని కొంచెం తోస్తే తెలుస్తుంది. తేలిగ్గా దొర్లితే న్యూట్రల్. మళ్లీ రాయి పెట్టాలి. అప్పుడు వైర్లు తగిలించాలి. వైరు చివర బిగించే మర, దాన్ని పట్టి ఉంచే నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి మర తిప్పితే వైరు బిగుస్తుంది. రెండు వైర్లూ సమానంగా బిగించాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే న్యూట్రల్ పక్కకు జరుగుతుంది. ఒకవైపు గేర్లు బాగా పడతాయి, రెండోవైపు సగమే పడతాయి. బట్టలారేసే దండెంలా వేలాడకూడదు. తెగేటట్టు లాగీ ఉండకూడదు. సరిపోయాక మర కదలకుండా నట్టు గట్టిగా బిగించాలి. ఈ నట్టు బిగించడం మరిచిపోతే చేసిన పనంతా రెండు రోజుల్లో వదులవుతుంది.

తరువాత వెనక చక్రం పైకి లేపి, చేత్తో తిప్పుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసి చూడాలి. అప్పుడు ఇంజను స్టార్టు చేయాలి. ఇంజను నడుస్తున్నప్పుడు చీరకొంగు, చున్నీ, పిల్లల చేతులు దగ్గరికి పోకూడదు.

కొత్త వైరు మొదట్లో త్వరగా సాగుతుంది. అందుకే కొద్దిరోజులకు మళ్లీ ఒకసారి చూపించుకోవాలి. కరెంటు ఆటోల్లో చాలావాటికి ఈ బాధ లేదు. వాటికి చేత్తో మార్చే గేర్లు ఉండవు. పెట్రోలు, గ్యాసు, డీజిలు ఆటోలు ఉన్నన్నాళ్లు వైర్లూ ఉంటాయి.

బిల్లు

మెకానిక్ కాగితం మీద లెక్క రాసి భర్తకు ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపింది.

మెల్లగా, వేలు పెట్టి చదివింది. మూడో గేరు చక్రం. గడియ ముక్క. క్లచ్ ప్లేట్లు. ఆయిల్. గేరు వైర్లు నాలుగు. కూలీ.

"అన్నా, గేరు వైర్లు రెండే కదా? నాలుగు రాసినవ్."

మెకానిక్ కాగితం తీసుకొని చూశాడు. "ఇంకో బండి లెక్క ఇండ్ల కలిసిందక్కా" అని కొట్టేశాడు. తప్పు దిద్దిన కాగితం మీద ఆటో నంబరు, తారీఖు, సంతకం వేయించుకున్నది ఆమె. పనిలో తేడా వస్తే అడగడానికి కాగితమే ఆధారం. అడిగినా పట్టించుకోని చోట, వినియోగదారుల ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. అక్కడా మొదట అడిగేది బిల్లే.

"పాత సామాను కూడా ఇయ్యన్నా" అన్నది.

అరిగిన చక్రం, సాగిన వైర్లు గుడ్డలో కట్టి ఇచ్చాడు. ఆయన ఆటో స్టార్టు చేశాడు. ఆమె వెనక సీట్లో కూచుంది.

"ఇంటికా?"

"ముందు వంతెన దిక్కు పోనియ్. మూడో గేరు చూద్దాం."