పన్నెండు మెట్ల లెక్క

వాద్యాన్ని శ్రుతి చేయడమంటే తీగను బిగించడం మాత్రమే కాదు, స్వరానికీ స్వరానికీ మధ్య ఉండవలసిన దూరాన్ని నిర్ణయించడం కూడా. షడ్జం సెకనుకు 100 సార్లు కంపిస్తే, దానితో హాయిగా కలిసిపోయే పంచమం 150 సార్లు, పైస్థాయి షడ్జం 200 సార్లు కంపిస్తాయి. అయితే పంచమానికి మళ్లీ పంచమం పట్టుకుంటూ పన్నెండు అంగలు వేస్తే చేరే స్వరం మొదటి షడ్జానికి దాదాపు 129.75 రెట్లు ఉంటుంది. ఏడు స్థాయుల పైనున్న షడ్జం మాత్రం సరిగ్గా 128 రెట్లే. అర్ధస్వరంలో సుమారు నాలుగో వంతుండే ఈ మిగులును ఎక్కడ సర్దాలన్న ప్రశ్న నుంచే రకరకాల శ్రుతి పద్ధతులు పుట్టాయి.

విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో రచించిన 'స్వరమేళకళానిధి'లో వీణ మెట్ల అమరికపై విలువైన చర్చ ఉంది. అంతర గాంధారానికీ, దానికి కాస్త పైన మధ్యమాన్ని ఆనుకొని ఉండే చ్యుతమధ్యమ గాంధారానికీ విడివిడిగా మెట్లు పెడితే అవి మరీ ఇరుకవుతాయి కనుక రెండింటికీ ఒకే మెట్టు చాలునని, నిషాదానికీ ఇదే పద్ధతి వర్తిస్తుందని ఆయన నిర్ణయించాడు.

చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు ఝు జైయూ 1584లో మరో దారి చూపాడు. ప్రతి స్వరం ముందరిదానికి 1.05946 రెట్లుండేలా స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా విభజించే ఈ విధానమే నేటి పియానోకు, సాధారణ హార్మోనియంకు ఆధారం. దీనివల్ల ఏ మెట్టునైనా షడ్జంగా తీసుకోవచ్చు గాని, 125 సార్లు కంపించవలసిన అంతర గాంధారం సుమారు 126కు చేరుతుంది. తంబురాలో షడ్జపు తీగ అసలు నాదంతోపాటు దానికి ఐదు రెట్లైన 500 కంపనాల సన్నని నాదాన్నీ పలికిస్తుంది. హార్మోనియం గాంధారంలోని నాలుగు రెట్ల నాదం 504కు చేరడంతో, రెండూ కలిసినచోట సెకనుకు నాలుగుసార్లు అల వంటి ఊగిసలాట వినిపిస్తుంది.

వీణ ఈ చిక్కును చేతికీ చెవికీ అప్పగించింది. దానిపై ఉండే 24 మెట్లను మైనపు దిమ్మెపై ఒక్కొక్కటిగా అమర్చేటప్పుడు, మైనం గట్టిపడకముందే మెట్టును వెంట్రుకవాసి జరిపి, తీగ మీటి, శ్రుతి కుదిరాకే స్థిరపరుస్తారు. ఆపైన కూడా వైణికుడు తీగను పక్కకు లాగి, రాగం కోరినంత మేరకు స్వరాన్ని పెంచుతాడు. కాలక్రమంలో మైనం సడలి మెట్లు కదిలితే, మళ్లీ చెవినే నమ్ముకొని వాటిని కొత్తగా అమర్చవలసిందే.