మీకు తెలుసా? రొయ్యలు తూచి ఇచ్చి కొన్న ఆటగాడు!

కంప్యూటర్‌లో ఆడే 'ఫుట్‌బాల్ మేనేజర్'లో బంతిని తన్నేది మీరు కాదు. జట్టును నడపడం, ఏజెంట్లతో కూర్చుని ఆటగాళ్ల జీతాలు బేరమాడటం మీ పని! ఆ ఆటలోని వింతలు కొన్ని, ఆటనే మించిపోయిన అసలు బేరాలు కొన్ని ఏరి తెచ్చాను, చూడండి.

● ముందు మన ముత్తుకూరు రొయ్యల రైతులకు నచ్చేది! 2002లో నార్వేలో ఫ్లోయ్ అనే చిన్న క్లబ్బు, విండ్‌బ్యార్ట్ క్లబ్బు నుంచి కెన్నెత్ క్రిస్టెన్సెన్ అనే ఆటగాడిని తీసుకుంది. ధరెంతో చెప్పుకోండి? అతని బరువుకు సరితూగే రొయ్యలు! మనిషి 75 కిలోలు ఉన్నాడనుకుందాం. కిలోకు 30 తూగే 30 కౌంటు సరుకైతే 2,250 రొయ్యలు, 100 కౌంటైతే 7,500! గుంట గట్టున నిలబడి కౌంటును బట్టి రేటు కట్టేవాళ్లకూ, మన ఫిషరీస్ కాలేజీ పిల్లలకూ ఈ లెక్క నోటి మీదే ఉంటుంది. అక్కడి చలి సముద్రపు రొయ్యలు మన వనామీ రకం రొయ్యల కంటే బాగా చిన్నవి, కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే అయి ఉండాలి. ఇంతకీ తూకానికి ముందు రోజు, అమ్మే క్లబ్బువాళ్లు ఆ అబ్బాయికి ఎన్నిసార్లు భోజనం పెట్టి ఉంటారంటారు?

● మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మన గుంటల్లో పెరిగే వనామీ కూడా విదేశీ ఆటగాడే! దాని పుట్టిల్లు పసిఫిక్ ఒడ్డున మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న తీరం. మన దేశంలో సాగుకు అనుమతి వచ్చింది 2009లో.

● 1999లో స్వీడన్ ఆటగాడు స్టెఫాన్ ష్వార్ట్జ్‌తో సండర్లాండ్ క్లబ్బు రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది: అంతరిక్షంలోకి వెళ్లకూడదు! అతని సన్నిహితుడొకరు అంతరిక్ష యాత్రకు టిక్కెట్టు కొన్నారని తెలిసి, ఈయన కూడా ఎక్కేస్తాడేమోనని క్లబ్బువాళ్లకు భయం పట్టుకుంది.

● కంప్యూటర్ ఆటలో ఏజెంటుకు ఓపిక కూడా ఉంటుంది, అది కరిగిపోతుంది కూడా! వారానికి 12,000 పౌండ్లు కావాలని అతను అంటాడనుకోండి. మీరు 9,000 అని వేసి, పక్కనున్న తాళం బొమ్మ నొక్కారంటే ఆ అంకె ఇక కదలదు. అప్పుడతను గోలు కొడితే ఇంత, మైదానంలోకి దిగితే ఇంత, సంతకానికి ఇంత, నా కమీషను ఇంత అని మిగతా గళ్లు పెంచుకుంటూ పోతాడు. అన్నిటికీ తాళాలు వేశారో, లేచి వెళ్లిపోతాడు! ఆ తర్వాత కొన్నాళ్లు మీతో మాటల్లేవు.

● ఆ ఆటలో 'విధేయత'కు, 'ఆశ'కు కూడా 1 నుంచి 20 దాకా మార్కులున్నాయి, కానీ అవి మీకు కనిపించవు! తెర వెనక దాగిన ఆ అంకెలను బట్టే ఒకడు ఉన్న క్లబ్బునే అంటిపెట్టుకుంటాడు, ఇంకొకడు పెద్ద క్లబ్బు కన్ను గీటగానే మూటాముల్లె సర్దుకుంటాడు.

● ఇంగ్లండులో ఒకప్పుడు ఎంత గొప్ప ఆటగాడికైనా జీతం ఒక గీత దాటకూడదు! 1901లో వారానికి 4 పౌండ్లని పెట్టిన గీత అరవై ఏళ్లు పాకి పాకి 20 పౌండ్లకు చేరింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధమవడంతో 1961 జనవరిలో అది చెరిగిపోయింది. ఆ వెంటనే ఫుల్హామ్ ఆటగాడు జానీ హేన్స్ జీతం ఎంతయిందో తెలుసా? వారానికి 100 పౌండ్లు! ఒక్క దెబ్బకు అయిదింతలు.

● మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది! కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ ఆటగాళ్లకు కాంట్రాక్టు అంటే పోలీసు ఉద్యోగమే.

● 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఎన్ని మ్యాచులో ఊహించండి. ఒకే ఒక్కటి! జీతాల బకాయిలు పేరుకుని కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, ఉన్న విదేశీయులేమో ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కంప్యూటర్ ఆటలోనైతే పాత సేవ్ తెరిచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం!

● ఫిఫా నిబంధనల్లో ఆటగాళ్లకు భలే ఆయుధం ఉంది: రెండు నెలల జీతం ఎగ్గొడితే ఒప్పందం తెంచుకుని వెళ్లిపోవచ్చు! కాకపోతే ముందుగా నోటీసిచ్చి, బాకీ తీర్చడానికి క్లబ్బుకు కనీసం 15 రోజులు గడువివ్వాలి.

● మెస్సీ బార్సిలోనా జీవితం మొదలైంది ఒక కాగితపు రుమాలు మీద! 2000 డిసెంబరు 14న, పదమూడేళ్ల పిల్లాణ్ని తీసుకుంటామని ఆ క్లబ్బు అధికారి చేతికందిన న్యాప్కిన్ మీద రాసి సంతకం పెట్టారు; 2024లో అదే న్యాప్కిన్ వేలంలో 7,62,400 పౌండ్లు పలికింది. హోటల్లో చెయ్యి తుడుచుకునే ముందు ఒకసారి చూసుకోండి!

● అదే మెస్సీ 2017లో చేసుకున్న నాలుగేళ్ల ఒప్పందం, షరతులన్నీ నెరవేరితే, 55 కోట్ల యూరోలు దాటుతుందని ఒక స్పెయిన్ పత్రిక బయటపెట్టింది. లెక్క కడితే నిద్రపోతున్నప్పుడు కూడా సెకనుకు 4 యూరోలకు పైనే! మీరు ఈ వాక్యం చదివేలోపు ఎంతయిందో మీరే చూసుకోండి.

● 2012లో అజర్‌బైజాన్‌లోని బాకు క్లబ్బు తన రిజర్వు జట్టును 21 ఏళ్ల వుగార్ హుసేన్‌జాదే చేతిలో పెట్టింది! అతని అనుభవమల్లా ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ మేనేజర్ ఆడటమే. పరీక్షలప్పుడు ఇంట్లో ఈ కథ వినిపించకండి, పిల్లలూ!

● ఈ ఆటకు తాతలాంటి 'ఛాంపియన్‌షిప్ మేనేజర్'లో టో మదేరా అనే పోర్చుగల్ కుర్రాడుండేవాడు. కారుచౌక జీతం, మ్యాచుకో గోలు! అంతా ఎగబడి కొన్నాక తేలిందేమంటే, అలాంటి ఆటగాడే లేడు. పోర్చుగల్ వివరాలు సేకరించే ఆయన తనను తానే జాబితాలో దూర్చుకున్నాడు!