1113వ బంతి

2025 ఆగస్టు 4. లండనులోని ఓవల్ మైదానం. ఇంగ్లండు గెలవడానికి ఇంకా 7 పరుగులు కావాలి. చేతిలో ఒక్కటే వికెట్టు. భుజం కీలు తప్పిన వోక్స్ ఒక చేతికి కట్టుతో అవతలి కొసన నిలబడ్డాడు. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ సిరాజ్ పరుగెత్తి వచ్చి, సరిగ్గా అట్కిన్సన్ కాళ్ల దగ్గర పడేటట్లు బంతి వేశాడు. స్టంపు లేచిపోయింది. భారతదేశం 6 పరుగులతో గెలిచింది!

ముందురోజు ఇదే సిరాజ్ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకుని కూడా, బౌండరీ మీద కాలు మోపాడు. అప్పటికి 19 పరుగులు చేసిన బ్రూక్ 111 దాకా పోయాడు. చేజారిందనుకున్న ఆటను మరునాడు సిరాజే తిరిగి తెచ్చాడు. ఆ 5 టెస్టుల్లోనూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీశాడు. ఆ చివరిది 1113వ బంతి. అయినా దాని వేగం గంటకు 140 కిలోమీటర్లు దాటింది. అలసిన శరీరం ఇంత పని ఎలా చేయగలిగింది?

ఒక చిన్న లెక్క వేద్దాం. బంతికి 20 మీటర్ల పరుగు అనుకుంటే, పోవడానికీ రావడానికీ కలిపి 1113 బంతులకు సుమారు 44 కిలోమీటర్లు. హిందూపురంలో బయలుదేరితే పెనుకొండ దాటిపోతాము! ఈ శ్రమకు కావలసిన శక్తి ముఖ్యంగా కండరాల్లో నిలువ ఉండే గ్లైకోజన్ నుండి వస్తుంది. అది తరిగితే అలసట. తిండి, నిద్ర దానిని మళ్లీ నింపుతాయి.

పరుగుకంటె కష్టమైనది ఆగడం. పెనుకొండ కొండ ఎక్కినవారిని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, కానీ తొడలు పట్టేసేది దిగిన మరునాడు. దిగేటప్పుడు కండరం సాగుతూనే శరీరాన్ని నిలవరించాలి. అప్పుడు దాని పోగుల్లో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. వేగంగా బంతి వేసేవాడు ముందుకాలు నేలకు తన్నిన క్షణంలో ఆ కాలిపై శరీర భారానికి అయిదు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన బలం పడుతుంది. ఆ దెబ్బ నడుము దాకా పోతుంది.

మరి గురి? ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడిని చూడండి. చేయి, కాలు, చూపు ఒకే లయలో కదులుతాయి. ప్రతి కదలికనూ ఆయన ఆలోచించి చేయడు. ఏళ్ల తరబడి అభ్యాసంతో చిన్నమెదడు ఆ లయను నేర్చుకుంది. సిరాజ్ చేతికి గురి నేర్పినదీ అదే.

అయితే పిల్లలూ, సిరాజ్‌ను చూసి రోజంతా బంతులు వేయకండి. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. విశ్రాంతి లేకుండా వేస్తే నడుము వెన్నుపూసల్లో సన్నని పగులు రావచ్చు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఆట మొదటినుండి చివరిదాకా ఒక్కడే విసిరి గెలిపిస్తే అది గొప్ప ఘనత. అయినా అమెరికాలోని లిటిల్ లీగ్ పోటీల్లో 13 నుండి 16 ఏళ్లవారు రోజుకు 95 బంతులకు మించి విసరరాదు. మీరూ బంతులు లెక్కపెట్టుకోండి. నడుము నొప్పి పుడితే దాచకండి. ఆపి, పెద్దలకు చెప్పండి. 1113వ బంతి వేయాలంటే వెన్ను గట్టిగా ఉండాలి కదా!